వియ్యంకుడు టీవీలో వచ్చే రోజు

ఆ ఇంటిది మట్టి కప్పు. పైన మనిషి నడిస్తే కింద టీ గిన్నెల్లో మట్టి రాలుతుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ రాలుతూనే ఉంది. బూరుల్ గిన్నె కడిగి టీ పోస్తుంది, పైన ధబధబమని అడుగులు పడతాయి, టీ మీద ఎర్రటి పొడి తేలుతుంది, ఆమె మళ్ళీ గిన్నె కడుగుతుంది. కప్పు మీద ఉన్నది మామగారు దోలోత్. కాబట్టి కింద ఎవరూ కిక్కురుమనడానికి లేదు.

"ఏమన్నా కనబడుతోందా?" అని పైనుంచి ఆయన కేక.

"ఏం లేదండీ," అని వాకిట్లో నిలబడి కిటికీలోంచి టీవీ చూస్తూ అత్తగారు సైరాకాన్.

"సరిగ్గా చూడు."

"లేనిదాన్ని ఇంకెంత సరిగ్గా చూడమంటారు?"

మధ్యాహ్నం మూడింటికి జిల్లా టీవీలో బూరుల్ తండ్రి తాలిప్ పాడబోతున్నాడు. జిల్లా కేంద్రంలోని నాటకశాలలో పాడుతుంటే, అదే సమయానికి టీవీలో చూపిస్తారట. తాలిప్ పాతకాలపు వీరగాథలు పాడే మనిషి. బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదలుపెడితే తెల్లారినా ఆపడని పేరు. నిరుడు ఆకులు రాలే రోజుల్లో ఆయన గొంతులో పుండు లేచింది. రాజధానికి తీసుకెళ్ళి కోయించారు. ప్రాణం నిలబడింది, మాట పోయింది. వస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నారు డాక్టర్లు.

అప్పటి నుంచి బూరుల్ తండ్రి గొంతు వినలేదు. ఫోన్ చేస్తే తల్లే మాట్లాడేది. "నాన్నకివ్వమ్మా" అంటే, "ఇదుగో పక్కనే ఉన్నారు, నువ్వు చెప్పేదానికి తలూపుతున్నారు" అనేది. తల ఊపితే ఫోన్లో ఏం వినబడుతుంది? వెళ్ళి చూసొద్దామంటే వేసవిలో గడ్డి కోతలు, ఆ తర్వాత దుంపల తవ్వకం, ఆ తర్వాత కనుమ మంచుతో మూసుకుపోయింది. కోడలి పుట్టింటి ప్రయాణం ఎక్కడైనా పనులన్నీ తీరాకే. పనులు తీరడమనేది ఏ ఇంట్లో జరిగింది గనక?

మొన్న తల్లి ఫోన్ చేసి, "నాన్న పాడతారటే" అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎలా పాడతారు, గొంతు వచ్చిందా అనడిగితే, "నువ్వే చూడు" అని ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషానిదో కాదో బూరుల్‌కి అర్థం కాలేదు. ఆ రాత్రంతా నిద్ర లేదు.

మామగారికి మాత్రం అందులో ఒక్కటే అర్థమైంది. తన వియ్యంకుడు టీవీలో వస్తున్నాడు. దోలోత్ చెడ్డమనిషేం కాదు, కాస్త గొప్పలమనిషి. ఆ సాయంత్రమే వీధి వీధంతా తిరిగి, "మా వియ్యంకుణ్ణి చూద్దురుగాని మా ఇంటికి రండి" అని పిలిచేశాడు. గొర్రెను కోయించాడు. పిలుపులూ గొర్రే అయ్యాక గాని, తన టీవీలో జిల్లా ఛానెల్ రాదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఇంటి మీద డిష్ ఉంది. అందులో మూడు వందల పైచిలుకు ఛానెళ్ళు. రష్యా వాళ్ళ వంటలు, తుర్కీ వాళ్ళ ఏడుపులు, ఎక్కడో అరబ్బు దేశంలో ఒంటెల పందేలు, చేపలు పట్టేవాళ్ళకని ప్రత్యేకంగా ఇంకొకటి. ఆ లోయలో చేపలు పట్టే మనిషే లేడు. ఇన్ని ఉన్నాయి గాని, పక్క కొండ అవతల నుంచి వచ్చే సొంత జిల్లా ఛానెల్ మాత్రం లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. ఫోన్లో చూద్దామంటే ఇంటర్నెట్ దొరికేది శ్మశానం గుట్ట మీద. అక్కడ కూడా ఫొటో తెరుచుకునేలోపు టీ చల్లారిపోతుంది.

అందుకని దోలోత్ నిన్న సంతకు వెళ్ళి చేపముల్లు లాంటి యాంటెనా ఒకటి కొనుక్కొచ్చాడు. డిష్ వైరూ యాంటెనా వైరూ కలిపి ఒకే వైరుగా కిందికి దింపే బుల్లి డబ్బా ఒకటి, కింద టీవీ దగ్గర వాటిని మళ్ళీ విడదీసే డబ్బా ఒకటి కూడా ఇచ్చారు. గోడకు ఇంకో కన్నం పెట్టనక్కర్లేదని ఆయన ముచ్చటపడ్డాడు. డబ్బాలు సరిగ్గానే బిగించాడు. వైర్లూ సరిగ్గానే కలిపాడు. తర్వాత ఆ యాంటెనాను తీసుకెళ్ళి డిష్ చేతికే గుడ్డపీలికలతో కట్టేశాడు, డిష్ ఎటు చూస్తోందో అటే చూసేలాగ.

డిష్ దక్షిణానికి చూస్తోంది. ఊళ్ళో ఉన్న డిష్‌లన్నీ దక్షిణానికే చూస్తాయి, అందరూ ఒకే నమాజులో నిలబడ్డట్టు. కాని యాంటెనా చూడాల్సింది ఉత్తరానికి, ఎర్రగుట్ట మీదున్న ఇనుప కంబం వైపు.

ఆ సంగతి ఊరంతటికీ కలిపి బూరుల్ ఒక్కదానికే తెలుసు. ఆమె తెలివైనదై కాదు. పోయిన వేసవిలో ఊరు ఊరంతా గొర్రెలతో, గుర్రాలతో కొండ మేతలకు వెళ్ళినప్పుడు, ఈనబోయే ఆవును కనిపెట్టుకుని ఉండమని ఆమెను ఇంటి దగ్గరే వదిలి వెళ్ళారు. అప్పుడే లారీలో మనుషులొచ్చి ఆ కంబం పాతారు. ఎండకు మాడిపోయి ఈ ఇంటికే నీళ్ళకు వస్తే ఆమె మజ్జిగా రొట్టే పెట్టింది. "ఏమిటన్నా అది?" అంటే, "జిల్లా టీవీకమ్మా, మీ లోయకి ఇక అక్కణ్ణించే వస్తుంది" అని చెప్పి వెళ్ళారు. మేతల నుంచి దిగొచ్చిన ఊరు కంబాన్ని చూసి, ఫోన్ కంపెనీదనుకుని మురిసింది. ఫోన్లు ఎప్పటిలాగే పలకకపోయేసరికి దాన్ని తిట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తిడుతూనే ఉంది. బూరుల్ ఒకసారి చెప్పబోతే, "నీకేం తెలుసు" అన్నారు. ఆమె ఊరుకుంది. టీవీతో తనకేం పని పడుతుందని ఆ రోజు అనుకుంది.

ఇవాళ పని పడింది. పొద్దున మామగారు గుడ్డపీలికలు ముడేస్తున్నప్పుడే ఆమె అత్తగారి దగ్గరికి వెళ్ళింది. మామగారితో ఎదురుగా నిలబడి అది తప్పు అని చెప్పడం ఆ ఇళ్ళలో కోడలి పని కాదు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆయన ముందు గొంతు తగ్గించే మాట్లాడుతుంది.

"అత్తయ్యా, దాన్ని ఉత్తరానికి తిప్పాలి. ఎర్రగుట్ట మీద కంబం టీవీదే. మామయ్యకి మీరు చెప్పండి."

"పొద్దుటి నుంచి ఆయన మొహం చూశావా? ఇప్పుడు చెప్తే ఆ యాంటెనా నా నెత్తిన కడతారు."

"నాన్న పాట అత్తయ్యా."

సైరాకాన్ కోడలి మొహంలోకి చూసి, నిట్టూర్చి, వాకిట్లోకి వెళ్ళింది. "ఏమండీ, దాన్ని ఉత్తరానికి తిప్పితే బావుంటుందేమో."

"ఎవరన్నారు?"

"ఎవరో ఒకరు అన్నార్లెండి."

"ఆ ఎవరో ఒకర్ని వచ్చి కట్టుకోమను. ఊళ్ళో డిష్‌లన్నీ ఎటు చూస్తున్నాయి? ఒక్కటైనా ఉత్తరానికి చూస్తోందా? పెద్దన్న ఎటు చూస్తే తమ్ముడూ అటే చూడాలి. ఇంట్లో అయినా, ఇంటి మీదయినా అంతే."

సైరాకాన్ లోపలికొచ్చి, "చెప్పానమ్మా, విన్నావుగా," అంది. చెప్పడమైతే చెప్పింది. బూరుల్ భర్త ఊళ్ళో లేడు, గొర్రెలతో చలికాలపు దొడ్ల దగ్గరున్నాడు. ఉంటే మాత్రం ఏం చేస్తాడు, తండ్రి ముందు అతనికీ నోరు లేదు.

మధ్యాహ్నానికి చుట్టాలు, ఇరుగుపొరుగు దిగడం మొదలైంది. బూట్లు గుమ్మం బయట గుట్ట పడ్డాయి. అందరికన్నా పెద్దవాడు కెరిమ్ తాతను గుమ్మానికి ఎదురుగా, గోడవార పెద్ద పరుపు మీద కూర్చోబెట్టారు. ఆ ఇళ్ళలో పెద్ద పీట అదే. మిగిలినవాళ్ళు వయసును బట్టి అటూ ఇటూ సర్దుకున్నారు. కోడలి చోటు గుమ్మం పక్కన, టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర. అందరి ఎదుటా టీవీ. టీవీలో తెల్లటోపీ పెట్టుకున్న రష్యావాడు బాతును కాలుస్తున్నాడు.

"ఇతనేనా వియ్యంకుడు?" అన్నాడు కెరిమ్ తాత. గది ఘొల్లుమంది. దోలోత్ కూడా నవ్వాడు గాని, చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు లేచాడు ఎసెన్. ఎసెన్ పక్కింటివాడు, లారీ డ్రైవరు. ఒక చలికాలం రాజధానిలో ఉండి వచ్చాడు కాబట్టి అతనికి తెలియని విద్య లేదు. "మీరు కూర్చోండి బాబాయ్, ఇది చెయ్యి తిరిగినవాళ్ళు చెయ్యాల్సిన పని," అంటూ నిచ్చెనెక్కాడు. బూరుల్ సమోవార్ పక్కనుంచి కిటికీలోకి చూసింది. ఎసెన్ యాంటెనా ఎటు చూస్తోందో కన్నెత్తి చూడలేదు. తిన్నగా డబ్బా దగ్గరికెళ్ళి వైర్లు ఊడబీకడం మొదలుపెట్టాడు.

"ఇదిక్కడ, అదక్కడ. ఇప్పుడు చూడండి!"

టీవీ మొత్తం నల్లబడింది. బాతూ పోయింది, వంటవాడూ పోయాడు.

"పోయింది," అన్నారు లోపల.

"పోయింది," అంది వాకిట్లోంచి సైరాకాన్.

"పోవడం మంచిదే," అన్నాడు పైనుంచి ఎసెన్. "ముందు పోవాలి, తర్వాత వస్తుంది."

రాలేదు. టీలో మాత్రం మట్టి రాలింది. బూరుల్ మళ్ళీ గిన్నెలు కడిగింది. ఒక్కో గిన్నెనూ కోపంగా ఠంగుమని బోర్లించింది. పైన తిరుగుతున్నవాడికి ఒక్కసారి తల పక్కకి తిప్పితే ఎర్రగుట్ట కనబడుతుంది, గుట్ట మీద కంబం కనబడుతుంది. ఈ మగాళ్ళకి తలలు ఇచ్చింది టోపీలు పెట్టుకోవడానికా అనుకుంది.

ఎసెన్ వైర్లు అటూ ఇటూ మార్చి, ఊది, తుడిచి, చివరికి మొదట ఎలా ఉన్నాయో అలాగే బిగించాడు. బాతు తిరిగొచ్చింది. ఇప్పుడది పళ్ళెంలో ఉంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

"డిష్ నేనే బాగుచేశాను," అంటూ దిగాడు ఎసెన్.

"చెడగొట్టిందీ నువ్వేగా," అంది సైరాకాన్.

"చెడగొట్టకుండా ఎట్లా బాగుచేస్తారు పిన్నీ?"

టీవీలో ఛానెళ్ళు వెతికే మీట ఒకటి ఉందని ఎవరో అంటే, కెరిమ్ తాత దాన్ని నొక్కాడు. తెర మీద నీలం గీత ఒకటి మెల్లగా పాకి, చివరిదాకా వెళ్ళి, ఏమీ దొరకలేదని చెప్పి ఆగింది. తాత మళ్ళీ నొక్కాడు. అది మళ్ళీ పాకింది. ముసలాయనకు అదే బాగుంది, నొక్కుతూ కూర్చున్నాడు.

గోడ గడియారం మూడుకు దగ్గరపడింది. మాంసం ఉడికింది. పళ్ళేలు పెట్టే ముందు కోడలు చెంబూ పళ్ళెమూ పట్టుకుని అందరి చేతుల మీదా నీళ్ళు పొయ్యాలి. తాత చేతులు కడిగించి, వరసన వచ్చి, బూరుల్ మామగారి ముందు మోకరించింది. ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

"మామయ్యా," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "ఎర్రగుట్ట మీద కంబం టీవీదే. పాతినవాళ్ళే నాతో చెప్పారు. యాంటెనాను అటు తిప్పించండి. ఒక్కసారి తిప్పి చూడండి."

దోలోత్ చేతులు తుడుచుకోవడం ఆపాడు. ఆయనకు వినబడింది. ఒక్క క్షణం ఆలోచించాడు కూడా. కాని పక్కనున్న ఎసెన్‌కీ వినబడింది.

"ఆ ఫోన్ కంబమా?" అన్నాడు ఎసెన్ అందరూ వినేట్టు. "ఫోనే పలకదు, అది పాటేం పాడుతుందమ్మా?"

గది నవ్వింది. పరాయివాళ్ళు నవ్వితే దోలోత్‌కి నవ్వక తప్పలేదు. "కోడలికి నాన్న మీద బెంగ," అన్నాడు అందరితో. "బెంగలో దిక్కులు తెలియవు." ఆమెతో మాత్రం మెల్లగా, "నువ్వెళ్ళి పళ్ళేలు తీసుకురా అమ్మా, మేం చూసుకుంటాం," అన్నాడు.

బూరుల్‌కి అవమానం ముంచుకొచ్చింది. చెంబులో నీళ్ళు ఎసెన్ చేతుల మీద కాక మోకాళ్ళ మీద పోసింది. కావాలని పొయ్యలేదని ఎవరైనా నమ్మితే అది వాళ్ళ మంచితనం.

పళ్ళేలు తెచ్చింది. ఉల్లిపాయల రసం పోసింది. తాత ముందు గొర్రె తలకాయ పెట్టారు. ఆయన దాని మీద పడ్డాడు, ముక్కకీ ముక్కకీ మధ్య మీట మరోసారి నొక్కుతూ. అందరూ తింటున్నారు. మాటల్లో గొర్రె కొవ్వు గురించి వచ్చింది, గడ్డి ధర గురించి వచ్చింది. దేని కోసం వచ్చారో దాన్ని తప్ప అన్నిటినీ తలుచుకున్నారు. దోలోత్ ఒక్కడే తినలేదు. ఎదుటివాళ్ళ పళ్ళేల్లోకి ముక్కలు వేస్తూ, మధ్యమధ్యలో టీవీ వైపు చూసి, తల తిప్పేసుకుంటున్నాడు.

గడియారం మూడు దాటింది.

నాన్న ఇప్పుడు వేదిక మీద కూర్చుని ఉంటాడు అనుకుంది బూరుల్. కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటాడు. నోరు తెరుస్తాడు. గొంతు వస్తుందో రాదో ఆ జిల్లాలో అందరికీ తెలుస్తుంది, ఒక్క తనకు తప్ప. మళ్ళీ రేపు ఫోన్ చేస్తే అమ్మ, తలూపుతున్నారే అంటుంది. ఏడాది ఓర్చుకున్న మనిషికి ఆ ఒక్క మాట ఓర్చుకోవడం చేతకాదనిపించింది. చేతిలో కెటిల్‌ను నేల మీద పెట్టింది. శాలువా తల మీంచి తీసి నడుముకు బిగించింది. బూట్లలో కాళ్ళు దూర్చి వాకిట్లోకి నడిచి, నిచ్చెన పట్టుకుంది.

సైరాకాన్ చెయ్యి పట్టుకుంది. "ఏమే, మతిపోయిందా? మామగారు కింద ఉన్నారు. పెద్దలంతా కింద ఉన్నారు. వాళ్ళ నెత్తి మీద నడుస్తావా?"

"తెలుసత్తయ్యా."

"నలుగురూ ఏమంటారు?"

"అనేదంతా ఇందాకే అన్నారుగా."

సైరాకాన్ చెయ్యి వదల్లేదు. కోడలి మొహం చూసింది. తర్వాత వదిలేసి, నిచ్చెన కదలకుండా రెండు చేతులతోనూ పట్టుకుంది.

ఊళ్ళో ఆడది కప్పెక్కకూడదని కాదు. గడ్డి పరవడానికి, మంచు తొయ్యడానికి ఎక్కుతారు, ఇంట్లో పెద్దమగవాళ్ళు లేనప్పుడు. మామగారు కింద కూర్చుని ఉండగా కోడలి అడుగు ఆయన తల మీద పడటమనేది ఆ వీధిలో ఎవరూ విని ఎరగరు. బూరుల్ వీలైనంత మెల్లగానే నడిచింది. కాని మట్టి కప్పుకు మర్యాద తెలియదు. కింద మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరి అడుగులో అందరికీ అర్థమైందని ఆమెకూ అర్థమైంది. అయినా ఆగలేదు.

గుడ్డపీలికలు చలికి కొయ్యబారి ఉన్నాయి. ముడులు రాలేదు. వేళ్ళతో లాగింది, పళ్ళతో లాగింది. మామగారు ఏ పని చేసినా గట్టిగానే చేస్తారు, తప్పు పనైనా సరే. చివరి ముడి పళ్ళతో తెంపి, యాంటెనాను ఊడదీసి, రెండు చేతులతో పైకెత్తి, డిష్‌కు వీపు పెట్టి ఉత్తరానికి తిరిగింది. గాలి మొహాన కొట్టింది. ఎర్రగుట్ట మీద కంబం సన్నగా, తిన్నగా నిలబడి ఉంది.

కింద ఏమీ వినబడలేదు. నీలం గీత పాకుతూ ఉంటుంది. ఆమెకు చేతులు లాగుతున్నాయి. ఇంతా చేసి ఇది నిజంగా ఫోన్ కంబమే అయితే అన్న ఆలోచన అప్పుడొచ్చింది. ఆ లారీవాళ్ళు వేళాకోళం ఆడి ఉంటే? అప్పుడు ఈ కప్పు దిగి ఏ మొహంతో లోపలికి వెళ్ళాలి?

పక్కనే పొయ్యి గొట్టం ఉంది. పొగతో పాటు అందులోంచి ముందు గరగరమని ఏదో శబ్దం వచ్చింది. తర్వాత ఒక గొంతు.

అది తండ్రి గొంతు కాదనుకుంది మొదట. ఆ గొంతు పెద్దది, నది నిండుగా పారినట్టుండేది. ఇది బొంగురుగా, చీలిపోయి, ప్రతి పాదం చివరా గాలి అందక ఆగిపోతోంది. ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది. ఆ మొదలుపెట్టడం విని పోల్చుకుంది. మొండిగా మళ్ళీ అందుకునే ఆ తీరు ఆయనదే. బూరుల్‌కి కళ్ళనీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

కింద తలుపు తెరుచుకుంది. దోలోత్ వాకిట్లోకి వచ్చి, తల ఎత్తి, కప్పు మీదున్న కోడలిని చూశాడు. సైరాకాన్ నిచ్చెన వదల్లేదు. "నేనే ఎక్కమన్నాను," అంది, అబద్ధం.

దోలోత్ నిచ్చెనెక్కాడు. ముసలి మోకాళ్ళు, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. కప్పు మీదికొచ్చి, ఊపిరి తీసుకుని, ఎర్రగుట్ట వైపు చాలాసేపు చూశాడు.

"నువ్వు పొద్దున్నే చెప్పావా?"

"అత్తయ్యతో చెప్పించాను మామయ్యా."

"ఆ. 'ఎవరో ఒకరు' అంది." ఆయన చెయ్యి చాచాడు. "ఇటియ్యి."

"ఇది కదిలితే బొమ్మ పోతుంది మామయ్యా."

"కదలనివ్వను. నువ్వు దిగు. దిగి ఆ పెద్ద పరుపు మీద కూర్చో."

"అక్కడ తాత..."

"తాతను జరగమన్నానని చెప్పు. మా వియ్యంకుడు మా ఇంటికొచ్చాడు. ఆయన ఎదురుగా కూర్చోవాల్సింది ఆయన కూతురు. ఎసెన్ కాదు." గొంతు సర్దుకుని అన్నాడు, "నీ మీద నవ్వాను. అది తప్పు. వెళ్ళమ్మా, అయిపోతుంది."

బూరుల్ యాంటెనాను ఆయన చేతుల్లో పెట్టి, ఎటు పట్టుకోవాలో చూపించి, నిచ్చెన దిగింది. గదిలోకి వెళ్ళేసరికి కెరిమ్ తాత తనంతట తనే జరిగి పరుపు మీద చోటిచ్చాడు. ఆ ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో ఆమె ఆ పరుపును దులపడమే గాని, దాని మీద ఎన్నడూ కూర్చోలేదు. కూర్చుంది.

తెర మీద నాన్న. సగం మనిషైపోయాడు. మెడ చుట్టూ తెల్ల గుడ్డ చుట్టుకున్నాడు. ఉన్ని టోపీ కింద మొహం ఇంతే ఉంది. మోకాళ్ళ మీద చేతులు బిగించి, ముందుకు ఒరిగి, ఒక్కొక్క పాదాన్ని లోపల నుంచి లాగి బయట పెడుతున్నాడు. ఒక చోట గొంతు పూర్తిగా ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. గదిలో మాంసం నములుతున్నవాళ్ళు నమలడం ఆపేశారు. ఎసెన్ కూడా. మళ్ళీ వచ్చింది గొంతు, చిన్నగా. చివరి పాదం పూర్తిచేశాడు. నాటకశాల లేచి నిలబడింది.

బూరుల్‌కి కోపం మళ్ళీ వచ్చింది. ఎంతసేపు పాడాడో తెలియదు, తనకు దక్కింది ఈ చివరి పిడికెడు. మిగతాదంతా గుడ్డపీలికలకూ బాతులకూ పోయింది.

చప్పట్లు ఆగాయి. తాలిప్ చెయ్యెత్తి అందరినీ కూర్చోమన్నాడు. తర్వాత రెండు అరచేతులూ ఎదురుగా తెరిచి పట్టుకున్నాడు. దీవెన ఇవ్వబోతున్నాడు. పెద్దవాడు చేతులు తెరిస్తే, వేదిక మీదున్నా టీవీలో ఉన్నా, విన్నవాళ్ళు తెరవకుండా ఉండటం అక్కడ జరిగే పని కాదు. గదిలో అందరి చేతులూ తెరుచుకున్నాయి, కొవ్వు అంటినవి అంటినట్టే. బూరుల్ కూడా తెరిచింది.

"ఈ పాట విన్నవాళ్ళకీ," అన్నాడు తాలిప్, గాలి కూడదీసుకుంటూ, "వినలేక దూరాన ఉన్నవాళ్ళకీ..."

తెర నల్లబడింది.

ఏం జరిగిందో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కప్పు మీద ఏదో దొర్లిన చప్పుడు వినబడి, అందరికీ ఒకేసారి అర్థమైంది. దీవెన మాట గొట్టంలోంచి పైకి వెళ్ళింది. పైనున్న పెద్దమనిషి చేతులు తెరిచాడు.

"బాబాయ్, యాంటెనా!" అని ఎసెన్ కేకేశాడు.

"ఎట్లా తీసుకోనురా!" అని పైనుంచి దోలోత్, ఏడుపు గొంతుతో. "చేతులు తెరిచాను. దీవెన కాలేదు!"

నిజమే. తెరిచిన చేతులు దీవెన పూర్తికాకుండా దించకూడదు. దించితే వచ్చేది వెనక్కి పోతుంది. ఎసెన్ చేతులూ తెరిచే ఉన్నాయి, అతనూ లేవలేడు. వాకిట్లో సైరాకాన్ చేతులూ అంతే. ఒక నల్లటి టీవీ ముందు, ఇంటినిండా మనుషులు అరచేతులు చాచి కూర్చున్నారు. పైన గాలిలో ఇంకొకాయన. అక్కడ నాటకశాలలో తాలిప్ ఆ దీవెన ముగిస్తూ ఉంటాడు, తన కూతురికి తప్ప అందరికీ వినబడేట్టు. ఆ పూటకు ఇంతకన్నా ఘోరం ఏముంటుందని బూరుల్ పళ్ళు బిగించింది.

కాని ఆ దీవెన ఎలా ముగుస్తుందో ఆమెకు తెలుసు. చిన్నప్పుడు భోజనాలకు నేల మీద పరిచిన దుప్పటి ఎత్తే ముందు రోజూ విన్నదే. నాన్న దాన్ని ఎన్నడూ ఒక్క మాట మార్చలేదు.

గదిలో ఆమెకన్నా చిన్నవాళ్ళు లేరు. పెద్దవాళ్ళ మధ్య చిన్నది దీవెన చెప్పడమేమిటి, అందులోనూ కోడలు? నోరు తెరిచాక ఆ ఆలోచన వచ్చింది. అప్పటికే మాట బయటికి వచ్చేసింది, పైకప్పు దాకా వినబడేంత గట్టిగా.

"మీ పొయ్యిలో నిప్పు ఆరకూడదు. మీ గుమ్మం ముందు మంచు నిలవకూడదు. దారిలో ఉన్నవాడు ఇల్లు చేరాలి. ఇంట్లో ఉన్నవాడు దారిలో ఉన్నవాణ్ణి మరిచిపోకూడదు. మాట పోయినవాడికి మాట తిరిగి రావాలి. రాకపోతే, అతని మాట పలికే బిడ్డ ఉండాలి."

"ఓమీన్," అన్నాడు కెరిమ్ తాత, అందరికన్నా ముందు, అరచేతులతో మొహం తడుముకుంటూ. గదంతా ఓమీన్ అంది. కాసేపటికి పొయ్యి గొట్టంలోంచి, గాలికి తెగిపోతూ, మామగారి ఓమీన్ కూడా కిందికి దిగింది.